చారిత్రక ప్రణయనవల: శాసనము, మౌనము, ఔచిత్యము
(ఖమ్మం – భద్రాచలం సీమ సామగ్రి దృష్ట్యా)

ప్రస్తావన

ఆంధ్ర వాఙ్మయమున చారిత్రక నవల శతాబ్దికి పైబడిన వయస్సు గల శాఖ. అందు రాజకీయ సంఘటనలకంటె నాయికానాయకుల అనురాగమునకు ప్రాధాన్యమిచ్చు రచనలను చారిత్రక ప్రణయనవలలని వేఱుగ పరిగణింపవచ్చును. వీనిని గూర్చి విమర్శకులు సాధారణముగ అడుగు ప్రశ్న ఒక్కటే: ఇందు చరిత్ర ఎంత, కల్పన ఎంత? ప్రశ్న అవసరమైనదే కాని అంతటితో చాలదు. రచయిత ఊహించుటకు చోటిచ్చిన మౌనము ఎట్టిదని కూడ విచారింపవలెను.

చరిత్రలో మౌనము మూడు విధములు. ఉన్న సాక్ష్యము నశించుటచే కలిగినది ఒకటి. శాసనమను ప్రక్రియ స్వభావముచేతనే చెప్పని విషయము రెండవది. చెప్పువారున్నను అడుగువారు లేకపోవుటచే మౌనముగ తోచునది మూడవది. కాకతీయుల శాసనములకును, కోయల మౌఖిక సంప్రదాయమునకును కూడలియైన ఖమ్మం – భద్రాచలం సీమలో ఈ మూడును కనిపించును. కావున చారిత్రక ప్రణయనవలా రచనలోని సాధకబాధకములను పరిశీలించుటకు ఈ సీమ తగిన క్షేత్రము.

సంజ్ఞా విచారము

ఆలంకారికులు గద్యకావ్యమును ఆఖ్యాయిక, కథ అని రెండుగ విభజించిరి. అమరసింహుని నిర్వచనము ననుసరించి తెలిసిన వృత్తాంతము గలది ఆఖ్యాయిక, కల్పిత ప్రబంధము కథ. బాణుని హర్షచరితము మొదటిదానికి, కాదంబరి రెండవదానికి ప్రసిద్ధోదాహరణములు. దండి మాత్రము ఈ భేదమును అంగీకరింపక, రెండును ఒకే జాతికి చెందినవనియు పేర్లు మాత్రమే వేఱనియు వాదించెను. చారిత్రక ప్రణయనవలను చూచినచో దండి వాదమునకు బలము చేకూరుచున్నట్లు తోచును. ఇందలి రాజు, యుద్ధము, కాలము ఆఖ్యాయికకు చెందినవి. ప్రణయము కథకు చెందినది. దశరూపకకారుని పరిభాషలో ఇది ప్రఖ్యాతమును ఉత్పాద్యమును కలిసిన మిశ్రేతివృత్తము.

ఈ మిశ్రణము సంస్కృతమున క్రొత్తది కాదు. మాళవికాగ్నిమిత్రమున అగ్నిమిత్రుడు చారిత్రక పురుషుడు. మాళవికను చరిత్ర ఎఱుగదు. ఐనను సింధుతీరమున శుంగులకును యవనులకును జరిగిన సంఘర్షణకు చరిత్రకారులు ఆ నాటకమునే సాక్ష్యముగ గ్రహించిరి. ప్రణయకథ కొఱకు వ్రాసినది కాలాంతరమున చరిత్రకు ఆధారమైనది. ఊహించు రచయితపై ఎంత బాధ్యత కలదో దీనివలన తెలియును.

ఆధునిక భారతీయ సాహిత్యమున బంకించంద్రుని దుర్గేశనందిని (1865) ఈ మార్గమునకు ప్రసిద్ధమైన ఆరంభము. తెలుగున చిలకమర్తి లక్ష్మీనరసింహము హేమలత 1896 నాటిది. 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి చారిత్రక నవలలకు బహుమతులిచ్చి ప్రోత్సహించెను. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రమును 1910లో ప్రకటించినదియు ఆ మండలియే. దానికి ప్రాణభూతుడైన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ఖమ్మమునకు పొరుగుననున్న మునగాల సంస్థానమున దివానుగ నుండెను. తెలుగున చరిత్ర రచనయు చారిత్రక నవలయు ఒకే సంస్థ నీడను పెరిగినవి. నవలాకారుని చరిత్రకారుని అనుచరునిగ చూచు అలవాటునకు ఈ పుట్టుక కూడ ఒక కారణము కావచ్చును.

శాసన భాషలో అనురాగము

శాసనము దానమును, వంశమును, విజయమును, మరణమును చెప్పును. అనురాగమును చెప్పదు. ఇది సాక్ష్యనాశముచే కలిగిన లోపము కాదు. ఆ ప్రక్రియకు అది విషయము కాదు. కాకతి గణపతిదేవుడు దివిసీమ అయ్యవంశీయుడైన జాయపసేనాని సోదరీమణులగు నారాంబను, పేరాంబను వివాహమాడెనని తెలియును. ఆ వివాహము తీరాంధ్ర విజయముతో ముడిపడిన రాజనీతియనియు తెలియును. ఆ స్త్రీల మనస్సు ఎట్టిదో ఏ శిలయు చెప్పదు.

ఐనను శాసనములలో ఒక్క మాటయొద్ద హృదయము తొంగిచూచును. అది ‘పుణ్యార్థము’ అను మాట. ఎవరి పుణ్యమునకై ఈ దానమని చెప్పునపుడు దాత తాను ఎవరిని తలచుకొనుచున్నదో చెప్పక తప్పదు. గణపతిదేవుని కుమార్తె గణపాంబ ధరణికోట పాలకుడైన కోట బేతరాజు భార్య. భర్త మరణానంతరము ఆమె రాజ్యమును పాలించెను. ఆమె యెనమదల శాసనము భర్త పుణ్యార్థము చేసిన దేవాలయ నిర్మాణమును పేర్కొనును. వైధవ్యమున రాజ్యభారము మోసిన స్త్రీ తన భర్తను స్మరించుటకు ఆనాటి లోకము ఇచ్చిన భాష ఇదియే. నవలాకారునికి ఇంతకంటె విలువైన సూచన దొరకుట అరుదు.

ఖమ్మం సీమలో దీనికి సాటియైనది బయ్యారం చెఱువు శాసనము. బయ్యారము 2016 వఱకు ఖమ్మం జిల్లాలోనిది. ఇప్పుడు మహబూబాబాదు జిల్లాకు చెందినది. గణపతిదేవుని సోదరి మైలాంబ నతవాడి వంశమున మెట్టి, అచ్చట ధర్మకీర్తి సముద్రమను తటాకమును త్రవ్వించి ఈ శాసనమును వేయించెను. కాకతీయ వంశచరిత్రకు ఇది మూలస్తంభములలో ఒకటి. వెన్న అను పూర్వుని మొదలుకొని తొలి కాకతీయుల క్రమమును, కాకతి యను పురముతో ఆ వంశమునకు గల సంబంధమును ఈ శిలయే విశదపఱచెను.

చరిత్రకారుడు ఈ శాసనమున వంశావళిని చదువును. నవలాకారుడు అదే వంశావళిని చదివి వేఱొక ప్రశ్న వేయును: పరవంశమున మెట్టిన ఆడుబిడ్డ తన చెఱువుగట్టున పుట్టినింటి పూర్వులను అంత విపులముగ ఏల చెక్కించినది? సోదరుని ప్రాభవమును చాటుట రాజనీతి కావచ్చును. పుట్టినింటి మీది మమకారమును కావచ్చును. రెండును కలిసి యుండుట లోకసహజము. ఇట్టి చోట ఊహ శాసనమునకు విరుద్ధము కాక, శాసనమునుండియే మొలకెత్తును. ప్రణయనవలకు బీజము పెక్కుమార్లు ఇట్టి వాక్యములయందే దొరకును.

మూడు మార్గములు

బీజము దొరికిన పిదప దానిని ఇతివృత్తముగ పెంచుటలో తెలుగు రచయితలు మూడు మార్గములు త్రొక్కిరి.

మొదటిది, చారిత్రక రాజ్యము నీడలో కల్పిత నాయికానాయకులను నిలుపుట. విశ్వనాథ సత్యనారాయణ ఏకవీర ఇందులకు ఉత్తమోదాహరణము. మధుర నాయకరాజుల కాలము ఇందలి రంగస్థలము. ఒకరిని ప్రేమించి వేఱొకరిని వివాహమాడవలసి వచ్చిన నలుగురి వేదన ఇందలి కథ. రాజ్యచరిత్ర ఆ వేదనకు పరిసరమును, ధర్మబంధమును కల్పించును గాని దాని గతిని శాసింపదు. ఈ మార్గమున రచయితకు స్వేచ్ఛ అధికము. ఐతే కాలము కేవలము వేషభూషలకు పరిమితమగు ప్రమాదమును అధికమే. ఆ కథ ఆ కాలమునందే జరుగవలసిన అగత్యము లేనిచో అది చారిత్రక నవల కానేరదు.

రెండవది, శాసనమున కేవలము నామమాత్రముగ మిగిలిన వ్యక్తికి జీవితమును కల్పించుట. నాగార్జునకొండ శాసనములలో ఇక్ష్వాకు శాంతమూలుని కుమార్తె అడవి చాంతిసిరి దాతగ కనిపించును. తండ్రి, సోదరుడు, భర్త ఎవరో శాసనము చెప్పును. అంతకుమించి ఆమెను గూర్చి తెలియునది స్వల్పము. ఆ పేరే అడివి బాపిరాజు చేతిలో అడవి శాంతిశ్రీ అను నవలకు శీర్షికయైనది. శిలపై ఒక పంక్తిగ మిగిలిన స్త్రీకి చిత్రకారుడైన రచయిత రూపమును, వర్ణమును, హృదయమును ప్రసాదించెను.

మూడవది, సుప్రసిద్ధులనే ప్రణయపాత్రలుగ చేయుట. ఇది మిక్కిలి కష్టతరము. బాపిరాజు గోన గన్నారెడ్డిలో రుద్రమదేవి పాలకురాలు మాత్రమే కాదు, ప్రేమించు స్త్రీయును. గన్నారెడ్డి దోపిడిదొరగ కనిపించి రుద్రమ పక్షమున నిలుచు వీరుడు. నోరి నరసింహశాస్త్రి రుద్రమదేవి (1951) అదే కాలమును స్వీకరించినను దాని దృష్టి వేఱు. ఆయన తన నవలలలో కవులను, ధర్మమును, రాజ్యాంగమును ముందునకు తెచ్చి ప్రణయమును అంగముగ నిలిపెను. ఒకే రాణి, ఒకే యుగము. అంగిరసము మాఱగానే నవల స్వరూపము మాఱినది.

ఇట్టి మార్పునకు అధికారము ఎక్కడిది? ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక తృతీయోద్ద్యోతమున దీనిని విచారించెను. ఇతివృత్తమును ఉన్నదున్నట్లు చెప్పుట కవికి ప్రయోజనము కాదనియు, అది ఇతిహాసమువలననే సిద్ధించుననియు, రసమునకు అనుకూలము కాని అంశమును విడిచి తగిన కథను కల్పింపవచ్చుననియు ఆయన ఆశయము. ఐతే ఈ స్వేచ్ఛకు ఔచిత్యమే హద్దు. రసభంగమునకు అనౌచిత్యమును మించిన కారణము లేదని నిర్ణయించినవాడును ఆయనయే. కావున చారిత్రక నవలాకారునికి అలంకారశాస్త్రము ఇచ్చినది నిరంకుశత్వము కాదు, నియమముతో కూడిన స్వాతంత్ర్యము.

కాలౌచిత్యము, భాష

ఔచిత్యము పెద్ద విషయములకంటె చిన్న విషయములలోనే ముందుగ భగ్నమగును. కాకతీయుల వంటశాలలో కారమునకు మిరియము ఉండవలెను. మిరపకాయ అమెరికా ఖండమునుండి పోర్చుగీసుల ద్వారా 16వ శతాబ్దిలో వచ్చినది. పొగాకును, జామపండును కూడ ఓరుగంటి వీధులలో కనిపింపరాదు. దానములు మాడలు, గద్యాణములు, రూకలలోను, భూమి మర్తురులలోను చెప్పవలెను. నాయిక నృత్యమాడినచో జాయపసేనాని నృత్తరత్నావళి రచయితకు శరణ్యము. సామాన్యజనుల ఆటపాటలకు పాల్కురికి సోమనాథుని బసవపురాణము, పండితారాధ్య చరిత్రము గనులవంటివి. వీనినుండి సాంఘిక విశేషములను సంకలనము చేసిన సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర (1949) నవలాకారునికి నిత్యము చేతికందవలసిన గ్రంథము.

ఆకరములను వాడుటలోను జాగ్రత్త అవసరము. ఓరుగంటి వీధులను కన్నులకు కట్టు క్రీడాభిరామము కాకతీయ సామ్రాజ్యము పతనమైన పిదప పుట్టిన రచన. అందలి నగరమును యథాతథముగ రుద్రమ కాలమునకు తరలించుట శతాబ్దికి పైబడిన అంతరమును విస్మరించుటయే.

భాష మఱింత చిక్కు సమస్య. 13వ శతాబ్ది శాసనముల తెలుగును పాత్రలచే పలికించినచో పాఠకునికి అర్థము కాదు. నేటి వాడుక భాషను పలికించినచో కాలము కూలిపోవును. ఈ రెంటికిని నడుమ గంభీరమైన ఒక వచనమును రచయిత నిర్మించుకొనవలెను. అడవి సీమను వర్ణించు నవలలలో ఇంకొక లోపము కనిపించును. కోయ పాత్రలచే వచ్చీరాని తెలుగు పలికించి దానినే మన్యపు భాషగ చూపుట రచయితలకు అలవాటైనది. కోయ భాష గోండికి సన్నిహితమైన ద్రావిడ భాష. కోయ తన ఇంట తడబడుచు మాటాడడు. ఆ పాత్రల నడుమ సంభాషణను చక్కని తెలుగున వ్రాసి, బయటివారితో మాటాడునపుడే భేదమును సూచించుట ఔచిత్యము.

ఆధారము మాఱినపుడు

చారిత్రక నవలాకారునికి తప్పని ప్రమాదము మఱొకటి కలదు. నవల అచ్చయిన పిదప శాసనము బయటపడవచ్చును. రుద్రమదేవి విషయమున ఇట్లే జరిగినది. మార్కోపోలో ఆమెను రాజుయొక్క విధవగ పేర్కొనుటచే ఆమె గణపతిదేవుని భార్యయని తొలుత కొందఱు భ్రమించిరి. శాసనములును, విద్యానాథుని ప్రతాపరుద్రీయమును ఆమె పుత్రికయని నిశ్చయింపజేసినవి. నిడదవోలు చాళుక్య వీరభద్రుడు ఆమె భర్తయనియు తేలినది. అట్లే ఆమె పాలన 1295 ప్రాంతము వఱకు సాగెనని బహుకాలము తలచిరి. బాపిరాజు, నోరివారి నవలలు వెలువడిన తరువాత నల్లగొండ ప్రాంతపు చందుపట్ల శాసనము పరిశోధకుల దృష్టికి వచ్చినది. 1289 నవంబరు నాటి ఆ శాసనమున పువ్వుల ముమ్మడి యను సేవకుడు, శివలోకమునకేగిన రుద్రమదేవికిని మల్లికార్జున నాయకునికిని పుణ్యార్థము భూదానము చేసెను. రాణియు సేనానియు ఒకేచోట స్మరింపబడుటనుబట్టియు, కాయస్థ అంబదేవుని తిరుగుబాటునుబట్టియు, ఆమె యుద్ధభూమియందే మరణించెనని పి.వి. పరబ్రహ్మశాస్త్రి మొదలగు చరిత్రకారులు ఊహించిరి.

ఇచ్చటను మరల ‘పుణ్యార్థము’ అను మాటయే సాక్షి. ఒక మహారాజ్ఞి మరణవార్త రాజశాసనమున కాక ఒక సేవకుని కృతజ్ఞతలో మిగిలినది. ఈ శాసనమును ఎఱిగిన నవలాకారుడు రుద్రమ చరమదశను పాతవిధముగ వ్రాయజాలడు. ఐనంతమాత్రమున పూర్వనవలలు వ్యర్థములు కావు. ఆనాటికి తెలిసిన దానిని రచయిత గౌరవించెనా లేదా అనునదే ఆయనకు పరీక్ష. తెలిసినదానిని త్రోసిపుచ్చి వ్రాసినచో అది దోషము. తెలియని చోట మానవస్వభావమునకు తగినట్లు ఊహించినచో, తేదీ మాఱినను ఆ ఊహలోని సత్యము నిలుచును. పురుషనామముతో శాసనములలో ‘రుద్రదేవ మహారాజు’గ వ్యవహరింపబడిన స్త్రీ తన స్త్రీత్వమును ఎట్లు అనుభవించినదను ప్రశ్న బాపిరాజు కాలమున ఎంత సజీవమో చందుపట్ల శాసనానంతరమును అంతే సజీవము.

మన్యపు టంచున

ఇంతవఱకు చెప్పినవి సాక్ష్యనాశమువలనను, శాసన స్వభావమువలనను కలిగిన మౌనములు. మూడవ మౌనము గోదావరీతీరపు అడవులకు సంబంధించినది.

కోయల సమ్మక్క – సారలమ్మ కథ కాకతీయులను ఓరుగంటి శాసనములు చూపని వైపునుండి చూపును. కఱవు కాలమున కప్పము చెల్లింపలేని పగిడిద్దరాజుపై ప్రతాపరుద్రుని సేన దండెత్తినదనియు, ఆ పోరున ఆయన కుటుంబము నేలకొఱగినదనియు, జంపన్న వాగున పడి ప్రాణము విడిచెననియు, సమ్మక్క చిలకలగుట్టపై అంతర్ధానమయ్యెననియు ఆ కథ. దీనికి ఆధారము మౌఖికము. శాసనములందు ధర్మపాలకులుగ స్తుతింపబడిన వంశము ఇందు కప్పము కొఱకు వచ్చిన సేనగ కనిపించును. రెండేండ్లకొకమాఱు మాఘమాసమున మేడారము జాతర జరుగునపుడు పగిడిద్దరాజు పూనుగొండ్లనుండియు, సారలమ్మ కన్నెపల్లినుండియు, ఆమె భర్త గోవిందరాజు కొండాయినుండియు మేడారమునకు తరలివత్తురు. యుద్ధముచే విడిపోయిన దంపతులు గద్దెలపై మరల కలిసికొందురు. శిల ఏనాడును చెప్పని దాంపత్యానురాగమును ఇచ్చట ఆచారము నిలుపుకొనినది.

నవలాకారునికి ఇది ఆకర్షకమైన ఇతివృత్తము, అంతకంతకు ప్రమాదకరమును. ఇందలి పాత్రలు నేటికిని పూజలందుకొను దేవతలు. వారిని సాధారణ ప్రణయపాత్రలుగ చిత్రించుట భక్తుల మనస్సును నొప్పించును. భద్రాచల స్థలకథలోని పోకల దమ్మక్క విషయమును ఇట్టిదే. ఆమె రాముని విగ్రహములను కనుగొన్న భక్తురాలుగ స్మరింపబడుచున్నది. ఆమెకు శృంగారకథను అంటగట్టుట అనౌచిత్యము. నేలకొండపల్లివాడైన కంచెర్ల గోపన్న కథయు భక్తిరసప్రధానము. తానీషా పాలన (1672–1687) కాలనిర్దేశమునకు సహకరించినను, అంగిరసమును మార్చు అధికారము అది ఈయదు. ఇట్టి చోట ఏకవీర మార్గమే శరణ్యము: దేవతలను దూరమున నిలిపి, వారి కాలమున జీవించిన కల్పిత వ్యక్తుల హృదయములను చిత్రింపవలెను.

అంతకుముందు చేయవలసిన పని ఇంకొకటి కలదు. కోయలలో డోలీలు వంశగాథలను పాడువారు. పడిగె యను చిత్రాంకితమైన గుడ్డ వారికి గ్రంథస్థానీయము. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందిన డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్య ఈ గాథాగానమునకు 2022లో పద్మశ్రీ పొంది, 2024లో దివంగతుడయ్యెను. బయ్యారం శాసనము ఏడు శతాబ్దులకు పైగా చదువరి కొఱకు వేచియుండగలిగినది. పాటకు అట్టి ఓర్పు లేదు. గాయకుడు పోయిన పిదప అది ఎవరో ఒకరు నేర్చియున్ననే, లేదా పాఠముగ నమోదై యున్ననే మిగులును. అడుగకపోవుటచే కలిగిన మౌనమును ఊహతో నింపుట సృజన కాదు. వినదగిన సాక్షిని వినకుండుటయే.

ఉపసంహారము

చారిత్రక ప్రణయనవల చరిత్రకు అలంకారము కాదు, దానికి పోటీయును కాదు. శాసనము ఆగిన చోట అది ఆరంభమగును. శిల శిథిలమైన చోట రచయిత ఊహింపవచ్చును. రేపు మఱొక శిల దొరకునను వినయముతో ఊహింపవలెను. శాసనము స్వభావముచే చెప్పని చోట దాని పదములలోనే హృదయమును వెదకవలెను. జనుల కంఠమున కథ బ్రతికియున్న చోట ముందుగ వినవలెను, పిదప వ్రాయవలెను. ప్రాచ్యకళాశాలలలో శాసనపఠనము, అలంకారశాస్త్రము, నవలావిమర్శ వేర్వేఱు పాఠ్యాంశములుగ సాగుచున్నవి. బయ్యారం చెఱువుగట్టున నిలిచిన శిలను ఈ మూడు విద్యలతోను కలిపి చదివింపవచ్చును. డోలీల గాథలను పాఠములుగ సేకరించు పని కూడ ఆ చదువులో భాగమైనచో, ఈ సీమనుండి రాబోవు నవలకు పునాది రాతితోను పాటతోను కలిసి ఏర్పడును.